తలుపులు మూసిన వేసవి

పాలమూరు పల్లెలలో ఎండకాలపు రాత్రి ఇంటిలోపల పండుకొనువారు తక్కువ. పగలంతయు కాగిన రాతిగోడలు, బండల మిద్దెలు అర్ధరాత్రి దాటినను సెగలు చిమ్ముచునే యుండును. వాకిట మంచములు వాల్చుకొందురు; మిద్దెలపై చాపలు పరచుకొందురు; మంచమునుండి మంచమునకు పంటల మాటలు, పెండ్లి మాటలు సాగుచుండును. 2018 వ సంవత్సరము మార్చి, ఏప్రిల్ నెలలలో గద్వాల, వనపర్తి జిల్లాల పల్లెలు అనేకములలో ఈ అలవాటు తటాలున నిలిచిపోయినది. ప్రొద్దు గూకగనే జనులు పిల్లలను లోపలికి పిలిచి తలుపులు బిగించుకొనసాగిరి. ఊళ్లు తిరిగి చూచు పోలీసులకు మొట్టమొదట కనబడిన వింత ఇదియే. తమకు భయముగా నున్నదని చెప్పుకొనుటకు ఎవరును ఠాణాకు రాలేదు. ఖాళీగా నున్న వాకిళ్లే ఆ మాట చెప్పినవి.

విచారింపగా సంగతి బయటపడినది. ఫోనులలో వాట్సప్ ద్వారా ఒక వార్త ఊరూర తిరుగుచున్నది. ఉత్తరదేశమునుండి ‘పార్థీ ముఠా’ దిగినదని, పిల్లలను ఎత్తుకొనిపోవుచున్నదని, మనుష్యులను చంపి దేహములోని అవయవములను తీసికొనుచున్నదని దాని సారాంశము. దానికి తోడు రక్తసిక్తములైన శవముల బొమ్మలు, కదలు బొమ్మలు. తెలుగులో ఎవరో గద్గదస్వరముతో చెప్పిన మాటలు. అట్టి ముఠా ఏదియు ఆ ప్రాంతమునకు రాలేదు. వచ్చినది భయమొక్కటే.

ఆనాడు ఆ ప్రాంతపు పోలీసు సూపరింటెండెంటుగా నున్నవారు రెమా రాజేశ్వరి అను ఐ.పి.ఎస్. అధికారిణి. నాలుగు వందలకు పైబడిన గ్రామములు వారి ఏలుబడిలో నుండెను. ఒక్కొక్క గ్రామమునకు ఒక్కొక్క పోలీసు ఉద్యోగిని ప్రత్యేకించి, అతడు ఆ ఊరికి తరచుగా పోయి పెద్దలతోను, యువకులతోను, స్త్రీలతోను మాటలాడునట్లు వారు ఏర్పాటు చేసిరి. వాకిళ్లు ఖాళీ యగుట గమనించినవారు ఆ ఉద్యోగులే. పుకారు పుట్టిన తరువాత వారు చేసిన పని ఉత్తరువులు అంటించి ఊరకుండుట కాదు. డప్పు పట్టించి దండోరా వేయించిరి. జానపద గాయకులచేత పాటలు పాడించిరి. సర్పంచులను కూర్చుండబెట్టి మాటలాడిరి. ఆ పుకారు మూలమున ఆ రెండు జిల్లాలలో ఒక్క ప్రాణమైనను పోలేదు. ఆ వేసవిలో దేశమందు ఇట్లు చెప్పుకొనగల ప్రాంతములు ఎన్ని యుండునో ఆలోచింపదగును.

ఏలననగా ఇతర చోటుల జరిగినది వేరు. మే నెల 26 వ తేదీ రాత్రి హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన హిజ్రాలపై గుంపు పడి కొట్టగా ఒకరు మరణించిరి. జూలై 1 వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడలో సంచారజీవులైన నాథపంథీ గోసావి కులమువారు ఐదుగురు పట్టపగలు సంతనాడు హతులైరి. అదే నెల 13 వ తేదీన బీదరు జిల్లా ముర్కి గ్రామమువద్ద హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరు చనిపోయెను. బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చుటయే అతని మిత్రబృందము చేసిన నేరము. ఒక ఊరిలో బయలుదేరిన కబురు వారి కారుకంటె ముందు తరువాతి ఊరు చేరినది. జూలై 17 వ తేదీన సుప్రీంకోర్టు గుంపుహత్యలను అరికట్టుటకై రాష్ట్రప్రభుత్వములు తీసికొనవలసిన చర్యలను నిర్దేశించుచు తీర్పు చెప్పినది. ఆ నెలలోనే వాట్సప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకసారి ఐదు చోటులకంటె ఎక్కువగా పంపరాదను కట్టడి పెట్టెను. ఇవన్నియు అవసరములే. ఐనను తీర్పుగాని కట్టడిగాని అమరచింతలో తొమ్మిదవ తరగతి చదువు పిల్లవాని చేతిలోని ఫోనువరకు వచ్చి కూర్చుండలేదు. అచటికి రాగలవాడు ఉపాధ్యాయుడొక్కడు.

పిల్లవాడు అనుట యాదృచ్ఛికము కాదు. 2011 జనగణన నాటికి గద్వాల ప్రాంతమున అక్షరాస్యులు సగమునకు అటునిటుగా మాత్రమే యుండిరి. వనపర్తి ప్రాంతము దానికంటె కొంచెము మెరుగు. పూర్వము పల్లెలో ఉత్తరము వచ్చినచో చదివి చెప్పువాడు తపాలాజవాను, లేదా బడిపంతులు. బొంబాయికి వలసపోయిన కొడుకు వ్రాసినది అతని నోటనే తల్లి వినెడిది. చదువువాని ముఖకవళికలలో తేడా వచ్చినచో ఇంటిలో ఏడుపు మొదలగుట కూడ కద్దు. నేడు ఆ ఉద్యోగము ఇంటిలోని హైస్కూలు విద్యార్థిది. అవ్వకు ఫోను వచ్చినచో పట్టి యిచ్చువాడు వాడే. బ్యాంకు సందేశము చదువువాడు వాడే. వాట్సప్‌లో వచ్చిన అక్షరములను, బొమ్మలను ఇంటిల్లిపాదికి వివరించువాడును వాడే. పదునాలుగేండ్ల బాలునకు ఊరి ఉత్తరములన్నియు చదివిపెట్టు బాధ్యత అప్పగించి, అందులో నిజమేదో అబద్ధమేదో తేల్చు విద్యను మాత్రము నేర్పకుండుట ఎట్టి న్యాయము?

నేర్పుటకు కొత్త శాస్త్రమేదియు అక్కరలేదు. తెలుగు వ్యాకరణమే చాలును. తెలుగుభాషకు ‘అట’ అను ఒక చిన్నమాట కలదు. ‘వచ్చినాడు’ అనినచో చెప్పువాడు చూచినాడని అర్థము. ‘వచ్చినాడట’ అనినచో విన్నాడే గాని చూడలేదని అర్థము. ఇంత సులువుగా, ఒక్క చిన్నపదముతో, చూచినదానిని విన్నదానినుండి వేరుచేయు సౌకర్యము చాల భాషలకు లేదు. పల్లెలోని నిరక్షరాస్యురాలైన ముసలమ్మ కూడ ఈ భేదమును ఎన్నడును తప్పదు. “పిల్లను ఎత్తుకపోయిన్రంట” అని ఆమె చెప్పినచో ఆ ‘అంట’లోనే ఆమె నిజాయితీ యంతయు నున్నది. వినినవారు “ఎవరు చెప్పిన్రు?” అని అడుగుటకు అందులో ఎడమున్నది. ఫోనులో పంపబడు వార్తలో జరుగు మొదటి మోసము ఆ ‘అట’ జారిపోవుటయే. ‘మన జిల్లాలో ముఠా దిగినది, నలుగురు పిల్లలను ఎత్తుకొనిపోయినది’ అని నిశ్చయార్థకములో వ్రాసి యుండును. వందమంది చేతులు మారినను ఒక్కరును ‘అట’ చేర్పరు. చేర్చుటకు అందులో చోటే లేదు, వ్రేలితో ఒక్క తాకు తాకిన చాలును.

ఇక రెండవ మోసము కాలమునకు, స్థలమునకు సంబంధించినది. ఆ వార్తలలో ‘నిన్న’ అని యుండును గాని తేదీ యుండదు. ‘మన పక్క ఊరిలో’ అని యుండును గాని ఊరిపేరు ఉండదు. నిన్న అనగా ఎప్పటి నిన్న? పక్క ఊరు అనగా ఎవరికి పక్క? సందేశము కన్యాకుమారిలో చదివినను, కాశ్మీరములో చదివినను అది పక్క ఊరే. కర్త యెవరో తెలియని వాక్యమును పలక మీద వ్రాసి, ‘కర్తను గుర్తింపుడు’ అని ఏడవ తరగతిలో అడుగు తెలుగు పండితుడు, అదే ప్రశ్నను ఫోనులోని వాక్యమునకు వేయించినచో పాఠము పూర్తియగును. సుమతీశతకములో ఎవరు చెప్పినను వినవలెనే గాని వినినంతనే తొందరపడరాదని చెప్పు పద్యమును కంఠస్థము చేయని విద్యార్థి తెలుగునాట లేడు. ప్రతిపదార్థము వ్రాసి మార్కులు తెచ్చుకొనును. సాయంకాలము ఇంటికి పోయి ఫోను తెరచినప్పుడు ఆ పద్యము వానికి జ్ఞప్తికి రాదు. పాఠమునకు, ఫోనుకు నడుమ వంతెన ఎవరును కట్టలేదు.

మూడవది బొమ్మల మోసము. ఆనాడు దేశమంతట తిరిగిన కదలుబొమ్మలలో ఒకటి, మోటారుసైకిలుపై వచ్చినవారు వీథిలో ఆడుకొను బాలుని ఎత్తుకొనిపోవునట్టిది. అది పాకిస్తానులోని కరాచీలో, పిల్లల క్షేమమును గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకై తీసిన ప్రచారచిత్రము. అసలు చిత్రములో వారే తిరిగివచ్చి బాలుని దింపి, ఒక ఫలకమును చూపుదురు. ఆ చివరిభాగమును ఎవరో కత్తిరించినారు. మరియొకటి వరుసగా పరుండబెట్టిన పిల్లల శవముల ఛాయాచిత్రము; అది 2013 లో సిరియాలో విషవాయువుచే చనిపోయిన పిల్లలది. ఎక్కడి కరాచీ, ఎక్కడి సిరియా, ఎక్కడి జూరాల కాలువ! పిల్లల మేలుకోరి తీసిన చిత్రమే మనుష్యులను చంపుటకు సాధన మైనది. ఈ రెండు చిత్రముల కథను తరగతిలో చెప్పి చూడవలెను. పిల్లలు ఒక్కసారి నిశ్శబ్దులగుదురు. ఆ వెంటనే తమ ఫోనులో వచ్చినవాటిని గూర్చి ప్రశ్నలు వేయుదురు.

ఇంతకును పల్లెకు కొత్తవాడనినచో పూర్వము ఇంత భయమున్నదా? అమరచింత సాలెమగ్గముల ఊరు. ఒకప్పుడు కృష్ణాతీరమున ఆత్మకూరు రాజధానిగా వెలసిన అమరచింత సంస్థానమునకు పేరిచ్చిన ఊరు. పట్టునూలు తెచ్చువారు, చీరలు కొనిపోవువారు వచ్చుచు పోవుచు నుండుట నేతవారి ఊళ్లకు కొత్త కాదు. సంక్రాంతికి గంగిరెద్దులవాడు, వేకువజామున బుడబుక్కలవాడు, పగటివేషగాండ్రు, పిట్టలదొర, బుడిగజంగములు, శారదకాండ్రు, ఇట్లు ఎందరో ఏటేట వచ్చిపోవుచుండిరి. వీరందరును ‘అపరిచితులే’. ఐనను వేషమునుబట్టి, వాద్యమునుబట్టి, వచ్చు కాలమునుబట్టి పిల్లలు వారిని గుర్తుపట్టుచుండిరి. అపరిచితుని స్వీకరించుటకు ఊరికి ఒక పద్ధతి యుండెను. నేడు ఆ కళలు సన్నగిల్లినవి, పద్ధతి మరుగుపడినది. జోలె వేసికొని వీథిలో నడచువాడు భిక్షుకుడో, కళాకారుడో నేటి బాలునకు తెలియదు. తెలియనివాని జోలెలో పిల్లవాడున్నాడని చెప్పినచో నమ్ముట సులభము. కనుక ఊరికి వచ్చు సంచారకులెవరో, ఏ ఊరినుండి, ఏ నెలలో, ఎందుకు వత్తురో పిల్లలచేత వ్రాయించుట కూడ ఊరి రక్షణకు సంబంధించిన పాఠమే. రక్షణ పాఠమనగా కరాటే యొక్కటే అనుకొనువారికి ఇది రుచింపకపోవచ్చును.

నిజాము కాలమున ఊరికొక పోలీసు పటేలు ఉండెను. కొత్తవాడు వచ్చినచో విచారించుట, దొంగతనము జరిగినచో పైవారికి తెలుపుట అతని విధులు. అతడు దేవుడేమియు కాడు; అతని విచారణలో పేదవాని వీపు చిట్లిన కథలు పాలమూరులో లెక్కకు మిక్కిలి. ఆ వ్యవస్థ 1980 దశకములో రద్దైనది, రద్దగుట మంచిదే. కాని ‘ఈ మాట నిజమేనా?’ అని అడుగుటకు ఊరిలో ఒక గడప ఉండవలెనను అవసరము రద్దు కాలేదు. ఆ గడప లేనిచోట ఫోను కూర్చున్నది. 2018 లో ఊరికొక పోలీసు ఉద్యోగిని కేటాయించుటలోని కిటుకు అదియే. ముఖము తెలిసినవాడు చెప్పిన మాటకు ముఖము తెలియని సందేశముకంటె బరువు ఎక్కువ. అట్లని అధికారులు శాశ్వతముగా ఒకచోట నుండరు, బదిలీ యగుదురు. బడి మాత్రము బదిలీ కాదు.

ఇచట ఒక చిక్కు కలదు, దానిని దాటిపోరాదు. స్థానికముగా నేరములు జరుగు తీరును పిల్లలకు చెప్పవలెననినప్పుడు, చెప్పువాడు జాగ్రత్తపడనిచో అది కులముల జాబితాగా మారును. ‘ఫలానావారు దొంగలు, ఫలానావారిని ఇంటిచుట్టు రానీయకుడు’ అను ‘జ్ఞానము’ ప్రతి ఊరిలోను చవకగా దొరకును. ఆంగ్లేయ ప్రభుత్వము 1871 లో నేరస్థ జాతుల చట్టము చేసి, పుట్టుకచేతనే మనుష్యులు నేరస్థులగుదురను వింత సిద్ధాంతమును శాసనముగా మార్చినది. మద్రాసు రాజధానిలో 1911 నాటి చట్టము తరువాత ఎరుకల మొదలగువారిని సెటిల్‌మెంటులలో నుంచి, హాజరు వేయించుకొని, ఊరు దాటుటకు చీటీ తెచ్చుకొనవలెనని నిర్బంధించిరి. గుంటూరు మండలములోని స్టూవర్టుపురము 1913 లో అట్లు వెలసినదే. చట్టము 1952 ఆగస్టు 31 న రద్దైనది. ఆనాడు పుట్టిన బిడ్డకు నేడు డెబ్బది యేండ్లు దాటినవి. ఐనను స్టూవర్టుపురము పేరు చెప్పగనే నవ్వువారు, సినిమాలు తీయువారు తగ్గలేదు.

2018 నాటి పుకారులో ముఠాకు పెట్టిన పేరు ‘పార్థీ’ యగుట ఈ చరిత్రకు కొనసాగింపే. పార్ధీలు పశ్చిమభారతపు వేటకులము. మరాఠీలో ‘పారధ్’ అనగా వేట. వారును ఆ చట్టము క్రింద నలిగినవారే. తెలంగాణములోని పల్లెవాసులలో పార్ధీని చూచినవారు బహుశః వేయింటికి ఒక్కరుండరు. ఐనను ఆ పేరు వినగనే వణకిరి. ఒక శతాబ్దము పాటు పోలీసు కాగితములపై వ్రాసిన మాట, కాగితము చినిగిపోయిన తరువాత కూడ గాలిలో బ్రతికియున్నదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? రాయిన్‌పాడలో చనిపోయిన ఐదుగురును సంచారకులమువారే యనునది మరువరాదు. కనుక సాంఘికశాస్త్రోపాధ్యాయుడు ఈ చట్టపు చరిత్రను ఒక పూట చెప్పవలెను. అది చెప్పకుండ నేరములను గూర్చి చెప్పుట పిల్లలకు చెడుపు చేయుటయే.

మరి నేరము నిజముగా ఎట్లు జరుగుచున్నది? తెలుగు సామెత ఏనాడో చెప్పినది: ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు. పిల్లలపై లైంగిక నేరములను గూర్చి 2012 నాటి పోక్సో చట్టము క్రింద నమోదగు కేసులలో, నిందితుడు బాధితులకు ముందే తెలిసినవాడైన కేసులు నూటికి తొంబదికి పైగా నుండునని జాతీయ నేరనమోదు సంస్థ యేటేట ప్రకటించు లెక్కలు తెలుపుచున్నవి. బంధువు, పొరుగువాడు, పెద్దవాడని నమ్మినవాడు, పెండ్లి చేసికొందునని చెప్పినవాడు, ఇట్టివారే వీరు. జోలెవేసికొని వచ్చు కొత్తవాడు ఈ లెక్కలో ఎక్కడో అట్టడుగున నుండును. తలుపులు మూసికొని లోపల కూర్చున్న ఆ వేసవిలో, కొందరు పిల్లలకు అపాయము తలుపునకు లోపలివైపుననే యున్నదనుట కటువుగా తోచవచ్చును. కాని లెక్క అదియే. తల్లిదండ్రులు ఈ మాట పిల్లలతో చెప్పలేరు. సిగ్గు అడ్డము వచ్చును. బడి చెప్పవలెను. 1098 అను నంబరు గోడమీద రంగుతో వ్రాసినంత మాత్రమున చాలదు. ఫోను చేసిన తరువాత ఏమి జరుగును, ఎవరు వత్తురు, పేరు బయటకు పొక్కునా, నాన్నకు తెలియునా, ఇవి పిల్ల మనసులోని ప్రశ్నలు. వీటికి జవాబు లేని నంబరు గోడమీద బొమ్మవంటిది.

ఇంకను నడిగడ్డకు ప్రత్యేకమైనవి కొన్ని కలవు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న ఆ నేలలో ప్రత్తి విత్తనముల సాగు పెద్దయెత్తున జరుగును. మగపూవు పుప్పొడిని ఆడుపూవునకు చేతితో అద్దు క్రాసింగు పనికి చిన్నవ్రేళ్లు అనుకూలమని ఆడపిల్లలను బడి మాన్పించుట అచట ఏండ్లతరబడి సాగిన ఆచారము. అది నేరమని పిల్లకు తెలియదు. కూలి ముందుగా తీసికొన్న తండ్రికి తెలిసినను చెప్పడు. పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుటను 2016 నాటి సవరణతో చట్టము నిషేధించినది. బడి వేళలకు వెలుపల కుటుంబమునకు తోడ్పడుట వంటి కొన్ని మినహాయింపులున్నవి, ఆ మినహాయింపుల చాటుననే చాల జరుగును. అటులనే పాలమూరు కూలీలకు అడ్వాన్సు లిచ్చి దూరదేశములకు తోలుకొనిపోవు గుంపుమేస్త్రీల లెక్కలు, పదవ తరగతి తప్పగనే తలపెట్టు పెండ్లిండ్లు, కల్తీకల్లు, నకిలీ విత్తనములు. ఇవి నేరములేనా అని పిల్లలు అడుగుదురు. ఆ ప్రశ్న పుట్టించుటయే పాఠము. పిల్లల మనసులో నేరమనగా ముసుగు వేసికొని కత్తి పట్టుకొన్నవాడు. చిఱునవ్వుతో అడ్వాన్సు లెక్కపెట్టి యిచ్చువాడు వారి ఊహకు అందడు.

ఫోనుద్వారా జరుగు దోపిడి మరియొకటి. 2020 చివర అప్పుల యాప్‌ల వేధింపులకు తాళలేక తెలంగాణములో ప్రాణములు తీసికొన్నవారున్నారు. ఓటీపీ అడుగువాడు, పోలీసునని బెదరించువాడు, పందెముల యాప్‌లో మొదట వంద గెలిపించువాడు, వీరిని గూర్చి విద్యార్థులు చాలమట్టుకు వినియే యుందురు. వారు విననిది వేరొకటి కలదు: తమ బ్యాంకు ఖాతాను కొన్ని వేలకు మరొకనికి వాడుకొననిచ్చుట కూడ నేరములో భాగమగునని. స్నేహితుని స్నేహితుడు అడిగినాడని ఖాతా నిచ్చిన కుఱ్ఱవాడు, దోచిన డబ్బు తన ఖాతాలో దిగినపుడు, తాను బాధితుడో నిందితుడో తెలియక నిలుచును. డబ్బు పోయిన గంటలోపలనే 1930 నంబరునకు తెలిపినచో దానిని నిలుపుదల చేయుటకు అవకాశ మెక్కువ. ఇంటిలో చదివిన పిల్ల ఈ ఒక్క సంగతి తెలిసియున్నచో అవ్వ పింఛను దక్కవచ్చును.

ఈ పాఠములకు ఎదురు చెప్పువారున్నారు. వారి మాటలో సారము లేకపోలేదు. ‘ఉన్న పాఠ్యాంశములకే గంటలు చాలుట లేదు’ అందురు ఉపాధ్యాయులు. ‘పసిమనసులను భయపెట్టుట యెందులకు?’ అందురు తల్లిదండ్రులు. మొదటిదానికి జవాబు, దీనికి వేరు గంట అక్కరలేదనుట. ‘అట’ తెలుగు గంటలో వచ్చును. 1871 చట్టము సాంఘికశాస్త్రములో వచ్చును. నూటికి తొంబది అను లెక్క గణితములో వచ్చును. ఒక సందేశము ఒకడు ఐదుగురికి, ఆ ఐదుగురు తలా ఐదుగురికి పంపినచో ఆరవ మెట్టున ఒక్కసారిగా 15,625 మందికి చేరును; ఘాతాంకములకు ఇంతకంటె మంచి లెక్క పాఠ్యపుస్తకములో లేదు. రెండవది నిజమైన అభ్యంతరము. కాని భయము ఇప్పటికే ఫోనులో చేరి యున్నది, బడి దానిని కొత్తగా తెచ్చునది కాదు. పేరు, ఊరు, తేదీ లేని భయము మనసును తినివేయును. ఊరి పటము గీయించి, వీథిదీపము లేని మలుపు ఎక్కడ, పిల్లలు ఈతకు దిగి ప్రమాదము కొనితెచ్చుకొను కాలువరేవు ఎక్కడ, సాయంకాలము ఆడపిల్లలు తప్పించుకొని పోవు త్రోవ ఏది, ఎందుచేత అని గుర్తింపజేసినచో ఆ భయమునకు చోటు ఏర్పడును. చోటున్న భయమునకు మందు వెదకవచ్చును. పంచాయతీకో, మునిసిపాలిటీకో దీపము కొరకు అర్జీ వ్రాయవచ్చును. అర్జీ వ్రాయుట తెలుగు పాఠములో ఎటులను ఉన్నదే!

కేరళములోని కన్ననూరు జిల్లాలో ఈ పని 2018 లోనే ఆరంభమైనది. అంతకు ముందటి సంవత్సరము తట్టు, రుబెల్లా టీకాలపై వాట్సప్‌లో వ్యాపించిన అబద్ధములను నమ్మి తల్లిదండ్రులు పిల్లలకు టీకా వేయించుటకు వెనుదీసిరి. ఆ అనుభవముతో జిల్లా కలెక్టరు ‘సత్యమేవ జయతే’ అను పేర నూటయేబదికి దగ్గరగా ప్రభుత్వపాఠశాలలలో వార్తల నిజానిజములు తేల్చుకొను పాఠములు ప్రవేశపెట్టిరి. బోధించినవారు ఉపాధ్యాయులే. విద్యార్థులు వచ్చిన సందేశమును వెంటనే పంపక, అది ఎచటనుండి వచ్చినదని పంపినవారిని అడుగుట నేర్చిరి. అడిగించుకొన్న పెద్దలకు మొదట కోపము వచ్చుట సహజమే.

దీనికి పోలికగా విద్యార్థి పోలీసు క్యాడెట్ పథకమును చూపువారు కలరు. అదియు 2010 లో కేరళములో పుట్టి, 2018 జూలైలో దేశమంతటికి విస్తరింపబడినది. అందులో కవాతున్నది, యూనిఫారమున్నది, చట్టపరిచయమున్నది. మంచిదే. కాని యూనిఫారము తొడిగినవెంటనే పిల్లవాడు పోలీసువలె ఆలోచించును. సాక్షివలె ఆలోచించుట వేరు విద్య. పోలీసు అధికారి బడికి వచ్చి వేదికమీదినుండి గంటసేపు ఉపన్యసించినచో పిల్లలు చప్పట్లు కొట్టి పోవుదురు. అతనిని కుర్చీలో కూర్చుండబెట్టి పిల్లలు ప్రశ్నింపవలెను: గత సంవత్సరము మన ఊరిలో నమోదైన నేరములెన్ని? వేటిని గూర్చి? పిల్లలను ఎత్తుకొనిపోయిన కేసు ఒక్కటైనను ఉన్నదా? అంకెలతో జవాబు చెప్పు అధికారి యొక్క ఒక్క మాట పది ఉపన్యాసముల పెట్టు. చెప్పలేని అధికారికి కూడ ఆ ప్రశ్నలు మేలే చేయును.

ఇక గుంపు సంగతి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో, ఐదుగురు లేక అంతకు మించినవారు కలసి జాతి, కులము, భాష, పుట్టినచోటు వంటి కారణముచే మనిషిని చంపినచో అందులోని ప్రతియొక్కరికి మరణశిక్షగాని యావజ్జీవ కారాగారముగాని విధింపవచ్చునని యున్నది. ప్రతియొక్కరు అను మాటను పిల్లలు గమనింపవలెను. రాయి విసరినవాడును, కట్టివేయుటకు త్రాడు తెచ్చినవాడును ఆ ఐదుగురిలో చేరవచ్చును. ఫోనుతో చిత్రము తీయుచు నిలుచున్నవాడు ‘నేను కొట్టలేదు’ అని తప్పించుకొనజూచును. కాని గుంపులో నిలుచున్నవాడు చేయగలిగినది ఒకటి తప్పక కలదు: రెండడుగులు పక్కకు వేసి పోలీసుకు ఫోను చేయుట. ఎదురునిలిచి గుంపును ఆపుమని బాలునకు చెప్పరాదు; అది వాని ప్రాణమునకే అపాయము. పక్కకు వచ్చి ఫోను చేయుట పదుమూడేండ్లవానికిని సాధ్యమే. ఈ చిన్న వివరమును గూర్చి ఏ పోస్టరులోను ఉండదు.

ఉపాధ్యాయులు ఒక్క సంగతి లెక్కలోనికి తీసికొనవలెను. 2018 లో ఆ పుకారు పల్లెలకు వచ్చినది మార్చి, ఏప్రిల్ నెలలలో. అది పదవ తరగతి పరీక్షల కాలము. ఉపాధ్యాయులు జవాబుపత్రములతో సతమతమగు కాలము. వెంటనే వేసవి సెలవులు. పిల్లలు ఇండ్లలో, ఫోనులు చేతులలో, బడి తలుపులకు తాళము. కావున ఈ పాఠమును సంవత్సరాంతమునకు వాయిదా వేసినచో ప్రయోజనము లేదు. ప్రత్తి క్రాసింగుకు పిల్లలు బడి మానునది వర్షకాలపు చివర. వలస మేస్త్రీలు ఊళ్లలోనికి దిగునది దసరా, దీపావళుల తరువాత. గంగిరెద్దులవాడు వచ్చునది సంక్రాంతికి. జూన్‌లో బడి తెరచిన మొదటి నెలలోనే ‘అట’ పాఠముతో మొదలుపెట్టి, ఈ పంచాంగమును అనుసరించి ఒక్కొక్కటిగా చెప్పుకొనిపోయినచో, సంక్రాంతి సెలవులు వచ్చుసరికి పూర్తియగును.